మరుగుజ్జు నీటికప్పలను చేపలతో కలిపి పెంచవచ్చా, వేరే తొట్టె తప్పనిసరా?

కృష్ణలంక_అక్వేరియం

మా ఇంట్లోని 60 లీటర్ల తొట్టెలో చాలాకాలంగా గప్పీలు, నియాన్ టెట్రాలు ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి పట్టుబట్టడంతో రెండు ఆఫ్రికన్ మరుగుజ్జు కప్పలను కొని అందులోనే వదిలాము. చేపలు చురుకుగానే ఉన్నాయి గాని, కప్పల్లో ఒకటి బాగా చిక్కిపోయి, నడుము ఎముకలు చర్మం కింద నుంచి కనబడుతున్నాయి. నీటిని పరీక్షిస్తే వ్యర్థాల నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని వచ్చాయి. అమ్మినాయన చేపలతో హాయిగా కలిసి ఉంటాయన్నారు. పక్కింటి పెద్దాయన మాత్రం వెంటనే వేరు చేయమంటున్నారు. ఎవరి మాట వినాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

నాచుతొట్టె

నీళ్లు బాగుండి కప్ప చిక్కిపోతోందంటే మొదట అనుమానించవలసింది ఆకలినే. ఈ కప్పకు నాలుక లేదు, చూపు కూడా అంతంత మాత్రమే. వాసనను బట్టి, నీటి కదలికను బట్టి మేతను వెతుక్కుంటుంది. అది తినే తీరును ఒకసారి దగ్గర నుంచి గమనించండి. బ్లడ్‌వార్మ్ (మేతగా అమ్మే చిన్న ఎర్ర పురుగు) ముక్క ముక్కు ముందే పడినా కాసేపు కదలకుండా కూర్చుంటుంది, తరువాత ఒక్క ఉదుటున ముందుకు దూకి నోరు తెరిచి నీటితో పాటు లోపలికి లాగుతుంది, సగం సార్లు గురి తప్పుతుంది, దొరికినప్పుడు ముందుకాళ్లు రెండింటితో నోట్లోకి కుక్కుకుంటుంది. ఇంత తతంగం ముగిసేలోగా గప్పీలు తొట్టెలోని మేతనంతా ఊడ్చేసి రెండో విడత కోసం అద్దం దగ్గర చేరతాయి. పైగా చేపలకు వేసే ఫ్లేక్స్ నీటిపైన తేలుతాయి, ఈ కప్ప వెతికేది అడుగున. దానికి కావలసింది మాంసాహారం. కాబట్టి చేపలు దీన్ని కరవకపోయినా, తరమకపోయినా, వాటి పక్కన ఇది నెమ్మదిగా పస్తులుండి చనిపోతుంది. నా అభిప్రాయం స్పష్టం: వేరు చేయండి.

గప్పీమిత్రుడు

నాచుతొట్టె గారు మేత గురించి చెప్పినది నిజమే గాని, దాని నుంచి తేల్చిన తీర్పుతో నేను ఏకీభవించను. “వేరు చేయండి” అన్న సలహా మన ఇళ్లలో ఆచరణలోకి వచ్చేసరికి ఏమవుతుందో అందరం చూస్తూనే ఉన్నాం: టీవీ పక్కన ఐదు లీటర్ల గాజు గిన్నె, అడుగున రంగురాళ్లు, ఫిల్టర్ ఉండదు, మూత ఉండదు. అలాంటి గిన్నెలో మిగిలిపోయిన ఒక చిటికెడు మేత చాలు, తెల్లారేసరికి అమ్మోనియా పెరిగి, కప్ప పలుచని చర్మం గుండా నేరుగా ఒంట్లోకి చేరుతుంది. కొత్త తొట్టెలో వ్యర్థాలను విరగ్గొట్టే బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. విజయవాడ మే నెల ఎండకు చిన్న గిన్నె వేడెక్కినంత త్వరగా 60 లీటర్ల తొట్టె వేడెక్కదు. ఇప్పటికే స్థిరపడిన పెద్ద తొట్టెలోనే ఉంచి, మేత పెట్టే పద్ధతి మార్చడం మేలని నా వాదన. ముందు ఒక మూలన చేపలకు వేసి, లైటు ఆర్పి, ఎదురు మూలన పెట్టిన మట్టి మూకుడులోకి డ్రాపర్‌తో బ్లడ్‌వార్మ్‌ను కప్పల ముందుకే వదలండి. రెండు మూడు వారాల్లో అవి మూకుడు దగ్గరకు రావడం నేర్చుకుంటాయి.

నాచుతొట్టె

గాజు గిన్నె విషయంలో మన మధ్య వాదమే లేదు. గిన్నెలో పెట్టడం కంటే చేపలతో ఉంచడమే నయం. అయితే మీరు తాకని విషయం ఒకటి ఉంది: మందులు. గప్పీలకు తెల్లమచ్చల జబ్బు ఏదో ఒక రోజు వస్తుంది. అప్పుడు మనం వాడేవి మాలకైట్ గ్రీన్ కలిసినవో, రాగి కలిసినవో అయి ఉంటాయి. చేపకు తగిన మోతాదే కప్పకు విషం కావచ్చు. మందు వేస్తే కప్పకు ముప్పు, వేయకపోతే చేపలు పోతాయి; ఇక మందుకు బదులు నీళ్లను 30 డిగ్రీలకు వేడిచేద్దామంటే 24 నుంచి 27 మధ్య సుఖంగా ఉండే కప్పకు అదీ ఇబ్బందే. బకెట్‌లోకి మార్చుకుంటామంటారేమో, ఆ బకెట్ మీరు తిట్టిన గాజు గిన్నెకు భిన్నమేమీ కాదు.

జంతుశాస్త్రం_టీచర్

వాదన ముందుకు సాగేముందు ఆ కప్ప ఏ జాతిదో నిర్ధారించుకోవడం అవసరం. మరుగుజ్జు కప్ప, అంటే హైమెనోకైరస్, నాలుగు కాళ్లకూ వేళ్ల మధ్య పొర కలిగి, పెరిగినా కాస్త అటూ ఇటూగా నాలుగు సెంటీమీటర్లు దాటదు. ముందుకాళ్ల వేళ్లు పొర లేకుండా విడివిడిగా ఉంటే అది గోళ్ల కప్ప, జెనోపస్ లీవిస్. తెల్లగా, ఎర్రకళ్లతో అమ్మే అల్బినో రకం సాధారణంగా ఇదే. ఒకప్పుడు గర్భ నిర్ధారణ పరీక్షకు ఆసుపత్రులు పెంచిన కప్ప ఇది. ఆడది పది సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, నోట పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది, 15 ఏళ్లకు పైగా బతుకుతుంది, 16 నుంచి 22 డిగ్రీల చల్లటి నీరు కోరుకుంటుంది. కోస్తా వేసవిలో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా దాన్ని పెంచాలనుకోవడమే తప్పు. పెరిగిపోయిందని కాలువలో వదలడం అంతకన్నా పెద్ద తప్పు. కాలిఫోర్నియా, చిలీ, ఫ్రాన్స్, సిసిలీలలో మనుషులు వదిలినవో, తప్పించుకున్నవో స్థిరపడి ఇది స్థానిక జీవాలకు ముప్పు తెచ్చింది.

మరొక మాట. అబ్బాయి తొట్టెలో చేయి పెడితే సబ్బుతో కడిగించండి, తొట్టె నీళ్లు వంటగది సింకులో పోయకండి. అమెరికాలో 2009–2011 మధ్య మరుగుజ్జు కప్పల ద్వారా 241 మందికి సాల్మొనెల్లా (జ్వరం, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా) సోకినట్లు తేలింది. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలే.

కృష్ణలంక_అక్వేరియం

అందరికీ కృతజ్ఞతలు. ముందుకాళ్లకు కూడా పొర ఉంది, రంగు గోధుమ, కాబట్టి మరుగుజ్జు రకమే. గప్పీమిత్రుడు గారు చెప్పినట్లు లైటు ఆర్పి మూకుడులో మేత వేసి చూశాను. లావుగా ఉన్న కప్ప వచ్చి తినింది. చిక్కినది మూకుడు అంచు దాకా వచ్చేసరికి రెండు గప్పీలు లోపల దూరి ఖాళీ చేశాయి. 40 లీటర్ల పాత తొట్టె ఒకటి అటక మీద ఉంది. కొత్తగా నీళ్లు నింపి వారాల తరబడి ఆగేంత ఓపిక ఆ కప్పకు ఉంటుందా అన్నదే నా భయం.

నాచుతొట్టె

ఆగనక్కరలేదు. పెద్ద తొట్టె ఫిల్టర్‌లో ఇప్పుడు నడుస్తున్న స్పాంజ్‌ను సగానికి కోసి, సగం కొత్త తొట్టె ఫిల్టర్‌లో అమర్చండి. బ్యాక్టీరియా దానితోనే వస్తుంది. అయినా మొదటి రెండు వారాలు అమ్మోనియా పరీక్ష మానకండి. కుళాయి నీళ్లకు యాంటీ క్లోరిన్ తప్పనిసరి. ఆర్వో నీళ్లు మాత్రం ఒంటరిగా వాడకండి, వాటిలో ఖనిజాలు ఉండవు. గాలి పీల్చడానికి కప్ప పైకి ఈదవలసి ఉంటుంది గనుక నీటిలోతు ఒక అడుగు లోపు చాలు. అడుగున మింగడానికి వీలయ్యే చిన్న గులకరాళ్లు వద్దు. సన్నటి ఇసుక పరచండి లేదా ఖాళీగా వదిలేయండి. మూతలో వైరు దూరేంత సందు ఉన్నా మూసేయండి, బయటికి దూకిన కప్ప చూస్తుండగానే ఎండిపోతుంది. ఇప్పుడు రోజూ కొద్దికొద్దిగా మేపి, ఒళ్లు పట్టాక రోజు విడిచి రోజు పెట్టండి.

గప్పీమిత్రుడు

40 లీటర్లూ, నడిచిన స్పాంజ్ అయితే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే లావు కప్పను కూడా దానితోనే మార్చండి, ఇవి తోడు కోరే జీవులు. మూకుడును మాత్రం తీసేయకండి, రెండూ ఒకచోటే తింటే ఏది ఎంత తిన్నదో మీ కంటికి తెలుస్తుంది.

జంతుశాస్త్రం_టీచర్

మార్చిన పది రోజులకు కూడా తిండి ముట్టకపోయినా, పొట్ట ఉబ్బినా, తొడల లోపలివైపు ఎరుపెక్కినా అది ఆకలి సమస్య కాదు. అప్పుడు రెండింటినీ విడదీసి, నీటి జంతువులను చూసే పశువైద్యులకు చూపించండి. దుకాణంలో ఇచ్చే నీలం మందు చుక్కలు వేయకండి.