స్కీ బట్టల్లో సోకు ముందా, వెచ్చదనం ముందా?

కొండచరియ (డెన్వర్)

పోయిన శనివారం మా ఆఫీసు కుర్రాళ్ళు ఇద్దరిని మొదటిసారి స్కీయింగుకి బ్రెకెన్‌రిడ్జ్ తీసుకెళ్ళాను. వారం ముందే లిస్టు పంపాను: ఉన్ని ఇన్నర్లు, మీద ఒక ఫ్లీస్, ఆ పైన నీళ్ళు దిగని ప్యాంటూ జాకెట్టూ. ఒకడు విన్నాడు. రెండోవాడు జీన్స్‌లో దిగాడు, పైన నడుము దాకా వచ్చే తెల్ల పఫర్, అదే ఉబ్బెత్తు జాకెట్. "స్కీ ప్యాంటు వేస్తే ఏనుగు కాళ్ళలా ఉంటాయన్నా, ఫొటోలు ఎలా దిగాలి?" అన్నాడు.

మొదటి రోజు కదా, పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. గంటలో మోకాళ్ళ దగ్గర జీన్స్ గడ్డకట్టి, వేలితో కొడితే అప్పడంలా టకటకమంది. జాకెట్ పొట్టిది కాబట్టి వెల్లకిలా జారినప్పుడల్లా వీపులోకి దోసెడు మంచు. మధ్యాహ్నం లాడ్జిలో కూర్చుంటే అదంతా కరిగి కుర్చీ కింద మడుగు కట్టింది. ఇక బయటికి రానంటే రానన్నాడు. లిఫ్ట్ టికెట్ డబ్బులు గోవిందా.

నేననేది ఒక్కటే. మంచులో సోకుకి చోటు లేదు. కాదనేవాళ్ళు చెప్పండి.

ఎర్రజాకెట్ (సియాటిల్)

నేను కాదంటాను. మీవాడిది సోకు కాదండీ, తెలియకపోవడం. నూలు బట్ట నీళ్ళు పీల్చుకుంటే ఒక పట్టాన ఆరదు, ఒంటి వేడినంతా లాగేస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఎంత సోకులరాయుళ్ళైనా జీన్స్‌తో కొండెక్కరు.

నా బాధ వేరే ఉంది. నాలుగేళ్ళ కిందట స్కీ జాకెట్ కొనడానికి వెళ్తే ఆడవాళ్ళ వైపు అన్నీ నడుము దగ్గర నొక్కేసినవే. లోపల ఫ్లీస్ వేస్తే జిప్పు పైకి రాదు. మా ఆయన జాకెట్‌కి ఆరు జేబులు, నాకు చూపించినదానికి రెండు. వాటిలో ఒకటి ఫోన్ సగమే పట్టేంత. నేను అందం అడగలేదు, షాపువాళ్ళే నా తరఫున ఎంచేశారు. చివరికి మగవాళ్ళ స్మాల్ సైజు తీసుకున్నాను, ఎర్రది. సోకు చేస్తున్నామని మమ్మల్ని అనేముందు అక్కడ వేలాడదీసినవి ఎలా ఉన్నాయో కూడా చూడండి.

పార్కుబుడ్డోడు

అన్నా, మీరు చెప్పేది యంత్రంతో చదును చేసిన (గ్రూమ్డ్) వాలు మీద దిగేవాళ్ళ సంగతి. మేం టెరెయిన్ పార్కులో, అంటే గాల్లోకి ఎగరడానికి మంచు దిబ్బలు కట్టిన చోట, దూకుతాం. అక్కడ లూజు ప్యాంటు ఉంటేనే మోకాలు గుండెల దాకా ముడుచుకుంటుంది, గాల్లో స్కీ పట్టుకోవచ్చు. పైగా మా ఆటలో ఎలా కనిపించామన్నదానికీ మార్కులుంటాయి. అక్కడ స్టైలే పని.

కొండచరియ

తమ్ముడూ, 2014 సోచి ఒలింపిక్స్‌లో స్వీడన్ స్కీయర్ హెన్రిక్ హార్లాట్‌కి ఏమైందో గుర్తుందా? స్లోప్‌స్టయిల్‌లో (మీ పార్కు ఆట పోటీయే అది) దిగుతుంటే అంత లూజు ప్యాంటూ కిందికి జారిపోయింది. ప్రపంచమంతా చూసింది.

పార్కుబుడ్డోడు

ఫైనల్‌కి కూడా వెళ్ళాడు, అది ప్రపంచం చూడలేదా? 😄

ఉన్నిచొక్కా (మ్యూనిక్)

ఈ తగువు కొత్తదేం కాదు. మా ఊరి బోగ్నర్ కంపెనీ సంగతే తీసుకోండి. 1950ల మొదట్లో మరియా బోగ్నర్ సాగే బట్టతో స్కీ ప్యాంట్లు కుట్టించింది. పాదం కింద పట్టీ ఉండి, కాలికి అతుక్కుపోయినట్టుండేవి. అంతకుముందు వదులు గాబర్డిన్ ప్యాంట్లు గాలికి టపటప కొట్టుకునేవి, కాబట్టి జారేటప్పుడు కొత్తవే మేలు. కానీ మంచులో కూర్చుంటే నీళ్ళు ఆపేవి కావు. జనం తడిసీ వేసుకున్నారు, ఎందుకంటే అందులో అందంగా కనిపించారు. అవి లేకపోతే స్కీయింగ్‌కి అంత మోజు వచ్చేది కాదేమో అని నాకనిపిస్తుంది. సోకు కోసం వచ్చినవాళ్ళలో కొందరైనా ఆట నేర్చుకుని మిగిలిపోతారు.

"పనికొచ్చేదే ముఖ్యం" అనే పట్టుదల కూడా మితిమీరితే ప్రమాదమే. పందాల్లో ఒకప్పుడు గాలి చొరబడని నున్నటి సూట్లు వచ్చాయి. వేగం పెరిగింది. పడ్డవాడు మాత్రం ఆగకుండా మంచు మీద జారుతూనే పోయేవాడు. ఇప్పుడు అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం ప్రకారం రేసు సూటు బట్టలోంచి చదరపు మీటరుకి సెకనుకి కనీసం 30 లీటర్ల గాలి వెళ్ళాలి.

మంచుకిరణం (హైదరాబాద్)

మీరంతా కొనుక్కునే బట్టల గురించి కొట్టుకుంటున్నారు. మా సంగతి వినండి. మనాలి నుంచి సోలాంగ్ వెళ్ళే దారిలో రోడ్డు పక్కన వరసగా అద్దె దుకాణాలు. మెడ నుంచి మడమ దాకా ఒకటే తొడుగు, దాని మీద పెద్ద నంబరు. నాకొచ్చింది చిలకపచ్చది, మా అత్తయ్యకి గులాబీ. నా దానికి జిప్పు సగంలో ఆగిపోయింది, అస్తరు చినిగి దూది బయటికొచ్చింది, ముందు వేసుకున్నవాళ్ళ చెమట వాసన ఇంకా పోలేదు. అందులో సోకూ లేదు, వెచ్చదనమూ లేదు. కాకపోతే జనంలో మా అత్తయ్యని వెతుక్కోవలసిన పని పడలేదు!

తర్వాతి ఏడాది గుల్మార్గ్ వెళ్తూ సొంత ఇన్నర్లు, గ్లౌజులు పట్టుకెళ్ళాను, పైది మాత్రం అద్దెకే. గొండోలా, అదే కేబుల్ కారు, రెండో దశలో దాదాపు 3,950 మీటర్లకి వెళ్తాం. దిగగానే గాలి చెంప మీద కొట్టింది. అప్పుడు మా తాత గొంగడి గుర్తొచ్చింది. గొర్రెలు కాసేటప్పుడు వానొస్తే దాన్నే తల మీంచి కప్పుకునేవాడు. పైన తడిసేది, లోపల వెచ్చగానే ఉండేదట. మీరు వందల డాలర్లు పెట్టి కొనే మెరినో కూడా గొర్రె ఉన్నే కదా.

ఎర్రజాకెట్

గొంగడి మాట బాగుంది. మంచుకిరణం గారన్న రంగు సంగతి కూడా నవ్వులాటకి కాదు. మబ్బు కమ్మితే కొండంతా ఒకే తెలుపు, పది గజాల అవతల మనిషి కనబడడు. అప్పుడు తెల్ల పఫర్ వేసుకుని పడిపోయినవాణ్ణి ఎవరు చూస్తారు? ఇక్కడి స్కీ పెట్రోల్‌వాళ్ళు ఎర్ర జాకెట్ మీద తెల్ల శిలువ గుర్తు వేసుకునేది ఊరికే కాదు. నేను ఎర్రది కొన్నదీ అందుకే. సరే, నాకు నప్పుతుందని కూడా.

ఇంకో మాట. కొండచరియ గారు కొలరాడోలో కూర్చుని అందరికీ ఒకే లిస్టు ఇస్తున్నారు. మీది పొడి మంచు, దులిపితే రాలిపోతుంది. మా స్నోక్వాల్మీలో సగం రోజులు మంచూ వానా కలిసి పడతాయి. జాకెట్ మీద 10,000 (మిల్లీమీటర్ల లెక్క) అని రాసి ఉంటే, బట్ట మీద పది మీటర్ల ఎత్తు నీటి బరువు ఆపుతుందని అర్థం. అది మీకు సరిపోతుంది. ఇక్కడ తడి లిఫ్ట్ కుర్చీలో రోజంతా కూర్చుంటే 20,000 ఉన్నా బెంగే. పైగా పైపూతలు మారుతున్నాయి. నీళ్ళు అంటకుండా బట్టకి పూసే పీఫాస్ రసాయనాల మీద కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి ఆంక్షలొచ్చాయి. అవి లేని కొత్త పూతలకి జిడ్డంటితే నీళ్ళు ఇంకడం మొదలవుతుంది. పాడైపోతుందన్న భయంతో జాకెట్ ఉతకనివాళ్ళు మాలో చాలామంది. ఉతకండి, సన్న సెగలో డ్రైయర్లో వేయండి.

కొండచరియ

రంగు విషయంలో ఒప్పుకుంటున్నాను, నేనలా ఆలోచించలేదు. పార్కు సంగతి నాకు తెలియదు, వదిలేస్తాను. ఆడవాళ్ళ జేబుల గురించి మా ఆవిడని అడిగితే గంటసేపు క్లాసు పీకింది. జీన్స్ దగ్గర మాత్రం మారను. నూలు నూలే.

ఉన్నిచొక్కా

మీ లిస్టులో ఒకటి తప్పిపోయింది. హెల్మెట్‌కీ గాగుల్స్‌కీ మధ్య నుదురు కనబడితే దాన్ని కొండ మీద "గేపర్ గ్యాప్" అని ఎగతాళి చేస్తారు. చూడ్డానికి వెర్రిగా ఉంటుంది నిజమే. కానీ గంటకి 40 మైళ్ళ వేగంలో చల్లగాలి సరిగ్గా ఆ రెండు వేళ్ళ సందులోనే కొడుతుంది. సాయంత్రానికి కణతలు పగిలిపోతాయి.

కొత్తస్కీ

అందరికీ నమస్కారం. ఆ జీన్స్‌వాణ్ణి నేనే.

నిన్న ప్యాంటు కొన్నాను. ఆవపిండి రంగు, భుజాల మీద పట్టీలున్న బిబ్, వీపులోకి మంచు పోదన్నారు. వేసుకుంటే ఏనుగు కాళ్ళే, ఆ మాట మార్చుకోను. పఫర్ మా చెల్లికిచ్చేశాను.

అన్నా, శనివారం మీరు దిగుతుండగా నేను తీసిన ఫొటో ఇప్పుడే పెద్దది చేసి చూశాను. హెల్మెట్ కింద నుదురు మూడు వేళ్ళు కనిపిస్తోంది. ఇక్కడ పెట్టమంటారా?