యూ మొక్కలు పసుపెక్కుతున్నాయి, తవ్వి మళ్లీ నాటాలా?

మేముండేది న్యూజెర్సీలో. ఇంటి ముందు కంచెలా హిక్స్ రకం యూ (yew) మొక్కలు, అంటే ఏడాదంతా పచ్చగా ఉండే సూదాకుల పొదలు, వరసగా ఉన్నాయి, మిగతావన్నీ ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంటే చూరునీళ్ల గొట్టం దిగే మూలన ఉన్న రెండు మాత్రం లోపల్నుంచి పసుపెక్కి, చెయ్యి తగిలితే చాలు సన్నటి ఆకులు జలజలా రాలిపోతున్నాయి. అక్కడంతా బంకమట్టి, వాన వెలిసి రోజులైనా తడి ఆరదు. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే యూకి అస్సలు పడదు కదా, ఇది వేరుకుళ్లేనా? చలిగాలి దెబ్బయితే గాలి తగిలే వైపే ఎక్కువ మాడాలి, ఇక్కడ అలా లేదు.

గొట్టాన్ని పక్కకి మళ్లిస్తే చాలా, లేక తవ్వి మట్టి ఎత్తు చేసి మళ్లీ నాటాలా? ముదురు కొమ్మ దాకా కత్తిరించినా యూ చిగురిస్తుంది కాబట్టి ఆశ వదులుకోలేదు. ఇంకోటి, ఆకులూ ఎర్రకాయల్లోని గింజలూ విషం, ఇంట్లో చిన్నపాప ఉంది, అదీ టెన్షనే. పెంచినవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.