యూజర్లు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయకుండా ఆపాలంటే: యాప్‌లాకరా, డబ్ల్యూడ్యాకా?

ప్రశ్న: ల్యాబ్‌లో 40 విండోస్ 11 మెషీన్లు. ఎవరికీ అడ్మిన్ హక్కుల్లేవు, అయినా బ్రౌజర్లు, గేములు దిగిపోతున్నాయి. ఏ ప్రోగ్రాములు నడవాలో నిర్ణయించే విండోస్ సాధనాలు యాప్‌లాకర్, డబ్ల్యూడ్యాక్ (విండోస్ డిఫెండర్ అప్లికేషన్ కంట్రోల్, ఇప్పటి పేరు యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్) రెంటిలో ఏది వాడాలి?

జవాబు 1: అవి యూజర్ సొంత యాప్‌డేటా ఫోల్డర్‌లో కూర్చుంటాయండి, అక్కడ అడ్మిన్ అనుమతితో పనే లేదు. యాప్‌లాకర్ చాలు. ముందు డిఫాల్ట్ రూల్స్ సృష్టించండి, లేకపోతే విండోస్ సొంత ప్రోగ్రాములే ఆగిపోతాయి. యాప్‌లాకర్ రూల్స్‌ని అమలు చేసే అప్లికేషన్ ఐడెంటిటీ సర్వీస్ ఆటోమేటిక్‌లో ఉండాలి. అది ఆగితే రూల్స్ ఉన్నా లేనట్టే, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రెండు వారాలు ఆడిట్ మోడ్‌లో (దేన్నీ ఆపకుండా నమోదు మాత్రమే చేసేది) ఉంచి, ఈవెంట్ లాగ్‌లో 8003 చూడండి, రూల్స్ అమల్లో ఉంటే ఆగిపోయేవి అక్కడ కనిపిస్తాయి. రూల్స్ ఎన్‌ఫోర్స్ (అమలు) చేశాక ఆపినవి 8004 కింద వస్తాయి.

జవాబు 2: ఒక్క మెలిక. డిఫాల్ట్ రూల్ విండోస్ ఫోల్డర్‌లోని ప్రోగ్రాములన్నిటినీ నడవనిస్తుంది. అందులోని టెంప్, టాస్క్స్‌లలో మామూలు యూజర్ కూడా ఫైళ్లు రాయగలడు, వాటిని ఆ అనుమతి నుంచి మినహాయించండి. హ్యాష్ రూల్ (ఫైలు వేలిముద్ర లాంటి కోడ్‌తో గుర్తించేది) ప్రతి అప్‌డేట్‌కీ చెడుతుంది, డిజిటల్ సంతకమున్న వాటికి తయారీదారు సంతకాన్ని చూసే పబ్లిషర్ రూలే మేలు.

జవాబు 3: డబ్ల్యూడ్యాక్ గట్టిదే, డ్రైవర్లనూ ఆపుతుంది. కానీ పాలసీ మెషీన్ మొత్తానికీ వర్తిస్తుంది, విద్యార్థికొకటి, టీచర్‌కొకటి కుదరదు. యాప్‌లాకర్‌కు ముందటి పాత పద్ధతి, సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీల జోలికి మాత్రం పోకండి, మైక్రోసాఫ్టే పక్కన పెట్టేసింది.