ఆఫ్రికా మారుమూల పల్లెలో సంఘ స్థాపనకు సాయం: మందిరానికి ఇవ్వాలా, మనిషికి ఇవ్వాలా?

ప్రశ్న: నరసన్నపేట ప్రాంతపు సంఘ కార్యదర్శి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది నరసన్నపేట దగ్గర ఒక పల్లె సంఘం. విశ్వాసుల్లో కౌలు రైతులు, కూలి పనివారే ఎక్కువ. గల్ఫు దేశాలకు, చెన్నైకి వలస వెళ్లిన మా ఊరి పిల్లలు పంపిన కానుకల వల్ల ఈ ఏడాది మిషనరీ నిధిలో కొంత సొమ్ము మిగిలింది. దానిని ఉత్తర మలావీలోని మ్జింబా జిల్లాలో, ఒక మారుమూల పల్లెలో జరుగుతున్న సంఘ స్థాపనకు పంపాలని పెద్దలు తీర్మానించారు. అక్కడ పనిచేస్తున్న తెలుగు సువార్తికుడు పంపిన ఫొటోలలో జనం చెట్టు కింద కూర్చుని ఆరాధిస్తున్నారు. కాబట్టి ముందుగా మందిరం కట్టించి, దాని మీద మా సంఘం పేరుతో శిలాఫలకం వేయించాలన్నది పెద్దల కోరిక. యౌవనస్థులు మాత్రం స్థానిక సువార్తికునికి నెలనెలా జీతం పంపడమే మేలని పట్టుబడుతున్నారు. ఆ ప్రాంతాల్లో సంఘాలు ఎలా నిలదొక్కుకున్నాయో తెలిసిన వారు వివరించగలరని మనవి.

జవాబు 1: విజయనగరం, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

కార్యదర్శి గారికి వందనాలు. మీ పెద్దలు, యౌవనస్థులు ఇద్దరూ డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్న చోటనే ఆగిపోయినట్టున్నారు. ఆఫ్రికా సంఘ చరిత్ర చూస్తే, డబ్బు గాని బయటి మనిషి గాని లేని చోట్ల కూడా సంఘం పెరిగిన సందర్భాలు చాలా కనిపిస్తాయి.

లైబీరియాకు చెందిన విలియం వేడ్ హారిస్ 1913లో తెల్లని అంగీ, తలపాగా ధరించి, చేతిలో వెదురు సిలువతో, బుర్రకాయ గిలకలు వాయిస్తూ పాడే స్త్రీలను వెంటబెట్టుకుని ఐవరీ కోస్టు తీరపు పల్లెల్లో నడిచాడు. ఏడాదిన్నర తిరగకముందే లక్ష మందికి పైగా ఆయన చేతి మీదుగా బాప్తిస్మం పొందారు. ఫ్రెంచి అధికారులు భయపడి 1914 చివర్లో ఆయనను బంధించి, దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆయన వెనుక ఏ మిషను సంస్థా లేదు. అయినా వెళ్లిన చోటనల్లా ఊరి మనుషుల్లో కొందరిని పెద్దలుగా నియమించి, గ్రంథం పట్టుకుని బోధకులు వస్తారు, అంతవరకు ఎదురుచూడండి అని చెప్పి వెళ్లాడు. 1924లో మెథడిస్టు మిషనరీలు అక్కడికి చేరేసరికి ఊరూరా ప్రార్థన మందిరాలు, వాటిని నడుపుతున్న పెద్దలు ఉన్నారు. కొన్ని చోట్ల, చదవగలిగిన వాడు ఒక్కడూ లేకపోయినా, ఇంగ్లీషు బైబిలు కొని పెట్టుకుని మరీ ఎదురుచూశారు.

ఇథియోపియా దక్షిణాన వొలాయితా సీమలో జరిగినది ఇంతకన్నా ఆలోచింపజేస్తుంది. ఇటలీ ఆక్రమణ కాలంలో, 1937లో విదేశీ మిషనరీలు ఖాళీ చేసి వెళ్లవలసి వచ్చినప్పుడు అక్కడి విశ్వాసులు యాభై మందికి లోపే. యుద్ధం తరువాత మిషనరీలు తిరిగి వచ్చేసరికి ఆ సంఖ్య వేలల్లోకి చేరింది. ఆ మధ్య కాలంలో దెబ్బలు తిన్నవారు, చెరసాలలకు వెళ్లినవారు, పొరుగూళ్లకు సువార్త మోసినవారు అందరూ స్థానికులే.

ఇక మీరు సాయం పంపదలచిన ప్రాంతం సంగతి. స్కాట్లండు మిషనరీలు మలావీ సరస్సు తీరానికి 1875లో వచ్చారు. అయితే మ్జింబా కొండల్లోని ఎన్‌గోని ప్రజలకు చేరువైనవాడు దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఖోసా జాతి సువార్తికుడు విలియం కోయి. ఎన్‌గోనీలు దక్షిణం నుంచి తెచ్చుకున్న మాట ఆయన మాటకు దగ్గరిది కావడంతో, వారి పెద్దల ముందు దుబాసీ లేకుండా మాట్లాడగలిగాడు. 1886లో ఆయన మరణించేనాటికి పంట చేతికి రాలేదు గాని నేల సిద్ధమైంది. తరువాతి తరంలో ఎన్‌గోనీలు తమ పాత బాణీల్లోనే కీర్తనలు కట్టుకున్నారు. మన పర్లాకిమిడి సీమవారైన పురుషోత్తమ చౌదరి గారు పందొమ్మిదో శతాబ్దంలోనే రాగతాళాలతో క్రైస్తవ కీర్తనలు రాసి ఉండకపోతే మన ఆరాధన ఎంత పరాయిగా ఉండేదో ఊహించుకుంటే, అక్కడివారు చేసిన పని విలువ మీ పెద్దలకు తెలుస్తుంది.

జవాబు 2: బొబ్బిలి, మలావీలో ఉద్యోగం చేసి వచ్చినవాడు

అధ్యాపకులు గారు చరిత్ర చెప్పారు కనుక నేను నేల మీది సంగతులు చెబుతాను.

మొదటిది, మలావీ జనాభాలో నాలుగింట మూడు వంతులకు పైగా క్రైస్తవులే. మ్జింబా ప్రాంతంలో స్కాట్లండు మిషను వారసత్వంగా వచ్చిన ప్రెస్బిటేరియన్ సంఘం బలంగా ఉంది. అక్కడ ఒక్కో పాస్టరు కింద ఎన్నో ప్రార్థన గృహాలు ఉంటాయి. ఆయన అప్పుడప్పుడు వచ్చి ప్రభు భోజనం (రొట్టె, ద్రాక్షారసం) ఇస్తారు, మిగిలిన ఆదివారాలు ఊరి పెద్దలే నడుపుతారు. మీకు వచ్చిన ఫొటోలో చెట్టు కింద కూర్చున్నవారు ఇంకా సంఘం లేనివారా, లేక పక్క ఊరి ప్రార్థన గృహం నుంచి విడిపోయి వచ్చినవారా అన్నది డబ్బు పంపక ముందే అడిగి తెలుసుకోండి. ఉన్న సంఘాన్ని చీల్చి కొత్త బోర్డు పెట్టడాన్ని సంఘ స్థాపన అని నివేదికల్లో రాసుకునేవారు మన జిల్లాలో ఉన్నట్టే అక్కడా ఉన్నారు. సువార్త అందని జనమే మీ లక్ష్యమైతే, అదే దేశంలో సరస్సు దక్షిణ తీరాన ముస్లిములైన యావో ప్రజలు ఉన్నారు. వారి మధ్య పని నిదానంగా, ఓర్పుతో, ఫొటోలకు దొరకని రీతిలో సాగుతుంది.

రెండవది, పల్లెల్లోని భూమి చాలావరకు సంప్రదాయ భూమి, దాని మీద మాట చెల్లేది నాయకులకే. ముందు ఊరి పెద్ద దగ్గరకు, ఆయన ద్వారా పై నాయకుని దగ్గరకు వెళ్లి కూర్చుని, వచ్చిన పని చెప్పుకుని, అనుమతి పొందాలి. ఈ మర్యాద తప్పినవాడు ఎంత గొప్ప ప్రసంగీకుడైనా ఆ ఊళ్లో నిలవలేడు.

మందిరం విషయానికి వస్తే, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలు. మట్టి దారులు తెగిపోతాయి. జనవరి మొదలు మార్చి దాకా పాత మొక్కజొన్న అయిపోయి, కొత్త పంట చేతికి రాక, ఇళ్లలో తిండికి ఇబ్బందిగా ఉంటుంది. కోతలయ్యాక ఎండాకాలంలో ఊరంతా కదిలి ఇటుకలు కోస్తారు. స్త్రీలు బిందెలతో నీళ్లు మోస్తారు, పురుషులు మట్టి తొక్కి అచ్చుల్లో పోస్తారు, ఆరిన ఇటుకలను బట్టీగా పేర్చి కాలుస్తారు. గోడలు వారి రెక్కల కష్టంతో లేస్తాయి. వారి చేతిలో లేనిది పైకప్పు రేకులకు, మేకులకు నగదు. మీరు ఇవ్వదలిస్తే అక్కడ, అదీ గోడలు లేచాక ఇవ్వండి. మీ శిలాఫలకం ఆ గోడకు పడితే, రేపు వానకు రేకు ఎగిరిపోయినప్పుడు ఆ ఊరివారు మరమ్మతు కోసం నరసన్నపేటకే ఉత్తరం రాస్తారు.

జీతం సంగతి ఇంకా సున్నితమైనది. కోతల తరువాత అక్కడి విశ్వాసులు గంపల్లో మొక్కజొన్న తెచ్చి కానుకగా ఇస్తారు. మన కోత పండుగలో గుమ్మడికాయలు, అరటి గెలలు తెచ్చి వేలం వేసే ఆచారం ఎరిగిన మీకు ఇది వింతేమీ కాదు. బయటి నుంచి నెలనెలా డబ్బు రావడం మొదలైతే ఆ గంపలు తగ్గిపోతాయి. సువార్తికుడు కూడా తన పెద్దలకు కాక డబ్బు పంపేవారికి జవాబు చెప్పడం అలవాటు చేసుకుంటాడు. ఎవరికీ జవాబు చెప్పని బోధకుడు ఎంతకు తెగిస్తాడో కెన్యాలోని షకహోలా అడవిలో 2023లో బయటపడింది. ఉపవాసం చేసి చస్తే యేసును చూస్తారన్న బోధకు బలైన వారివి నాలుగు వందలకు పైగా మృతదేహాలను అక్కడ తవ్వి తీశారు. అందరినీ ఆ గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. లెక్క అడిగే పెద్దలు ఊళ్లోనే ఉండాలన్నది నా మాట.

జవాబు 3: మెళియాపుట్టి కొండ ఊరు, సవర సంఘ ఉపదేశకుడు

నేను సువార్త అందుకున్న పక్షం నుంచి రాస్తున్నాను. మా ఊరికి కింది నుంచి బృందాలు వస్తుంటాయి. జనరేటరు పెట్టి తెర మీద సినిమా చూపి, దుప్పట్లు పంచి, చేతులెత్తిన వారిని ఫొటో తీసుకుని, చీకటి పడక ముందే దిగిపోతారు. ఆ చేతులెత్తిన వారిలో పెద్దవాళ్లకు తెలుగు ప్రసంగం సగమే అర్థమవుతుంది. దుప్పటి ఇస్తామన్నప్పుడు ఎవరైనా చెయ్యెత్తుతారు కదా.

గిడుగు రామమూర్తి పంతులు గారు మత ప్రచారం కోసం కాక మా పిల్లల చదువు కోసం సవర భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బడులు పెట్టి, చివరికి నిఘంటువు కూడా తయారు చేశారు. అంత ఓపిక మీ సువార్తికునికి ఉందా అన్నదే నా మొదటి ప్రశ్న. మ్జింబాలో జనం మాట్లాడేది టుంబుకా భాష అని విన్నాను. ఆయన ఆ భాషలో ప్రార్థన చేయగలరా, ఇంకా దుబాసీ మీదే ఆధారపడుతున్నారా అని ఉత్తరంలో అడగండి. అలాగే అక్కడ స్త్రీలకు బోధించేది ఎవరని కూడా అడగండి. మా కొండల్లో ఇంటింటికీ వాక్యం చేర్చినది స్త్రీలే, అయినా పేర్లు మాత్రం మగవాళ్లవే నివేదికలకు ఎక్కాయి.

జవాబు 2 వ్రాసినవాడు, మరొకసారి

ఉపదేశకులు గారు అన్నది నిజం. 1968లో మలావీ తొలి అధ్యక్షుడు బండా ప్రభుత్వం చిచేవాను జాతీయ భాషగా నిలిపి, టుంబుకాను బడుల నుంచి, రేడియో నుంచి తొలగించింది. 1994లో గాని ఆ భాష మళ్లీ రేడియోలో వినబడలేదు. ఉత్తరాది వారికి ఆ గాయం ఇంకా గుర్తుంది. చిచేవా నాలుగు ముక్కలు నేర్చుకుని అదే చాలనుకునేవారిని అక్కడి పెద్దలు ఆదరిస్తారు గాని మనసులోని మాట చెప్పరు.

కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సంశయం. ముగ్గురు భార్యలున్న ఒక ఊరి పెద్ద బాప్తిస్మం కోరుతున్నాడని సువార్తికుడు రాశారు. ఇద్దరిని విడిచిపెట్టమని చెప్పాలని మా పెద్దలు అంటున్నారు. ఇది సబబేనా?

జవాబు: విజయనగరం అధ్యాపకుడు

ఇది పాత చిక్కే. నేటి బోత్సువానాలో బక్వేనా ప్రజల రాజు సెచేలే 1848లో స్కాట్లండు మిషనరీ లివింగ్‌స్టన్ చేత బాప్తిస్మం పొందడానికి ఐదుగురు భార్యలలో నలుగురిని పుట్టింటికి పంపాడు. వారి బంధువులు పగబట్టారు. కొన్ని నెలలకు వారిలో ఒకామె ఆయన వల్లనే గర్భవతి అని తేలడంతో లివింగ్‌స్టన్ ఆయనను ప్రభు భోజనం నుంచి నిలిపివేశాడు. లివింగ్‌స్టన్ ఆ ఊరు విడిచి వెళ్లిపోయిన తరువాత కూడా సెచేలే మాత్రం తన జనానికి, చుట్టుపక్కల తెగలకు దశాబ్దాల పాటు వాక్యం బోధిస్తూనే ఉన్నాడు.

ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ సభ 1888లో బహుభార్యలున్న పురుషునికి బాప్తిస్మం ఇవ్వకూడదని నిర్ణయించింది. వందేళ్ల తరువాత, 1988లో, అదే సభ దానిని సడలించింది: ఉన్న భార్యలలో ఎవరైనా బతికి ఉండగా మరో పెళ్లి చేసుకోనని మాట ఇస్తే, భార్యలతో, పిల్లలతో సహా అతనిని చేర్చుకోవచ్చు, స్థానిక సమాజం అందుకు ఒప్పుకోవాలి, భార్యలను వదిలేయమని అతనిని బలవంతపెట్టరాదు, ఎందుకంటే అలా వదిలేస్తే ఆ స్త్రీలకు ఆధారం పోతుంది. అన్ని సంఘాలూ ఈ దారి పట్టలేదు; కఠినంగా ఉన్నవి నేటికీ ఉన్నాయి. మీ డెనామినేషను ఏమంటుందో మీకే తెలియాలి. ఏమైనా ఆ ఇద్దరు స్త్రీలు ఎవరో, వారికి పిల్లలెందరో, పుట్టింటివారు రానిస్తారో లేదో తెలియని మనం నరసన్నపేటలో కూర్చుని తీర్పు రాసి పంపడం నాకు సమ్మతం కాదు. సువార్తికుడు అక్కడి పాత సంఘపు పెద్దలను కలిసి, ఇలాంటి కుటుంబాల విషయంలో వారు ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నారో అడిగి రాయమని చెప్పండి.