రోజూ పది నిమిషాలు శిశువు బొమ్మ మీద సాధన: అవసరమా, అదనపు భారమా?

రాత్రి డ్యూటీ:
మా పీహెచ్‌సీలో నెలకు పది పన్నెండు కాన్పులు. నవజాత శిశు సురక్షా కార్యక్రమం కింద పుట్టగానే ఊపిరి తీయని బిడ్డకు ఊపిరి అందించడం వంటివి నేర్పే రెండు రోజుల శిక్షణ నాలుగేళ్ల కిందటే తీసుకున్నాను. పోయిన వారం రాత్రి పుట్టిన బిడ్డ ఏడవలేదు. తుడిచాను, వీపు రుద్దాను, ముక్కూ నోటి మీద మాస్కు పెట్టి, ఊపిరి అందించే గాలి బ్యాగు నొక్కాను. ఛాతీ లేవలేదు. గాలంతా మాస్కు అంచు నుంచి బుస్సుమని పోతోంది. చేయాల్సింది తెలుసు, చేతులే మరిచిపోయాయి. చివరికి భుజాల కింద గుడ్డ మడత పెట్టి, తల సరిచేసి, మాస్కు మళ్లీ ఆనించాక ఛాతీ కదిలింది. బిడ్డ క్షేమం. ఇప్పుడు మా డాక్టరు గారు డ్యూటీ మారేటప్పుడు రోజూ పది నిమిషాలు బొమ్మ మీద సాధన చేయమంటున్నారు. రిజిస్టర్లు రాయడానికే సమయం చాలడం లేదు. మీరేమంటారు?

చిన్నపిల్లల డాక్టరు:
మీ లెక్కే మీకు జవాబు, సిస్టర్. నూటికి ఇంచుమించు ఐదుగురు పిల్లలకే బ్యాగు అవసరం పడుతుంది. అంటే మీ దగ్గర ఏడాదికి ఆరేడుగురు. ముగ్గురు నర్సులు పంచుకుంటే తలా రెండుసార్లు. ఏడాదికి రెండుసార్లు చేసే పని చేతికి ఎలా గుర్తుంటుంది? టాంజానియాలోని హైడమ్ ఆస్పత్రిలో ఒక్కరోజు శిక్షణ ఇచ్చి, ఏడు నెలల తర్వాత చూశారు. బొమ్మ మీద బాగానే చేశారు, అసలు కాన్పుల్లో మాత్రం తీరు మారలేదు. వార్డులోనే తరచుగా కొద్ది నిమిషాల సాధన పెట్టాక, మొదటి 24 గంటల్లో చనిపోయే పిల్లలు వెయ్యికి సుమారు 11 నుంచి 7కు తగ్గారు.

పాత సిస్టర్:
డాక్టర్ గారూ, అది ముందూ వెనకా పోల్చిన లెక్క. మధ్యలో ఇంకేం మారాయో ఎవరికి తెలుసు? ఒకటి అడుగుతాను. రాత్రి నేనొక్కదాన్నే ఉంటాను. తల్లికి రక్తం ఆగడం లేదు, బిడ్డ ఏడవడం లేదు. మీ పది నిమిషాల సాధన నాకు మూడో చెయ్యి తెచ్చిపెడుతుందా? ప్రతి కాన్పుకూ బిడ్డను చూసుకోవడానికే ఒక మనిషి ఉండాలని పుస్తకంలో రాసి ఉంది. ముందు ఆ మనిషిని ఇవ్వండి, తర్వాత బొమ్మను ఇద్దురు.

శిక్షకురాలు:
మనిషి కావాలన్న మాట కాదనను. అయితే ఆ వచ్చిన మనిషి ఏం చేస్తుంది? నేను చూసిన చోటల్లా మొదట చెయ్యి సక్షన్ (నోట్లోని ద్రవాలు పీల్చే గొట్టం) మీదికే పోతుంది. నోట్లో గొట్టం తిప్పుతూ తిప్పుతూ మొదటి నిమిషం దాటిపోతుంది. ఆ నిమిషంలోపే బ్యాగు మొదలుకావాలి. మెకోనియం, అంటే బిడ్డ తొలి మలం, కడుపులోనే పడి నీరసంగా పుట్టిన బిడ్డకు కూడా శ్వాసనాళంలో గొట్టం వేసి పీల్చడం మామూలుగా అక్కర్లేదని 2015లోనే మార్గదర్శకాలు మార్చారు. చాలామంది చేతులు ఇంకా మారలేదు.

పాత సిస్టర్:
ఇరవై ఏళ్లు అదే చేయించి, ఇప్పుడు తప్పంటే ఎలాగమ్మా?

శిక్షకురాలు:
అందుకేనండీ సాధన. నోరు నిజంగా అడ్డుపడి ఉంటే తీయండి, వద్దనను. రోజూ పది నిమిషాలూ అక్కర్లేదు, మూడు చాలు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద, మిగతా మూడు దవడ కింద. ‘నొక్కు, రెండు, మూడు’ అని పైకి లెక్కపెడుతూ నిమిషానికి 40 నుంచి 60 సార్లు. కళ్లు బ్యాగు మీద కాదు, ఛాతీ మీద.

చిన్నపిల్లల డాక్టరు:
ఛాతీ నొక్కడం కూడా నేర్పాలి కదా? గుండె వేగం నిమిషానికి 60 కంటే తగ్గితే మూడు నొక్కులకు ఒక ఊపిరి.

శిక్షకురాలు:
నేర్పాలి, సర్. కానీ నేను చూసిన చాలా సందర్భాల్లో గాలి సరిగా లోపలికి వెళ్లగానే గుండె వేగం పెరిగింది. మాస్కే ఆనని చోట ఛాతీ నొక్కడం తొందరపాటు.

రాత్రి డ్యూటీ:
ఈ ఉదయం అల్మారా తెరిచాను. బ్యాగు మూతిని అరచేతికి ఆనించి నొక్కితే పట్టే లేదు, గాలి ఎక్కడి నుంచో జారిపోతోంది. నెలలు నిండని పిల్లలకు వాడే సున్నా సైజు మాస్కు కనబడలేదు. రెండూ పంపమని ఇండెంటు రాశాను. మూడు నిమిషాల సాధన సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. రాత్రి రెండో మనిషి సంగతి అడిగితే డాక్టరు గారు పైకి రాస్తామన్నారు.

పాత సిస్టర్:
రాశాక నకలు మీ దగ్గర ఉంచుకోండి.