తన్నుకు వేరే పాచిక ఉండాలా? – కాళ్లతో పోరాడే మాంక్‌పై చర్చ

కపిలతీర్థం_డీఎం:
తిరుపతిలో మేము ఆరుగురం ప్రతి ఆదివారం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, ఒక్కొక్కరు ఒక పాత్రగా ఆడే కథల ఆట) ఐదవ కూర్పును 2014 నియమాలతో ఆడుతున్నాము. మా ఆటగాడొకరు కాళ్లతో మాత్రమే పోరాడే మాంక్ (ఒంటి దెబ్బలతో పోరాడే యోధుడి పాత్ర) సబ్‌క్లాస్‌ను, అంటే ఆ పాత్రలో ఒక ఉపశాఖను, స్వయంగా రాసి తెచ్చారు. అందులో తన్నుకు మాంక్ పాచిక (దెబ్బ బలాన్ని తేల్చేది) ఒక మెట్టు పెరుగుతుంది, అంటే నాలుగు ముఖాలది ఆరు ముఖాలది అవుతుంది; దెబ్బ 5 అడుగులకు బదులు 10 అడుగుల దూరం అందుతుంది. దానికి మారుగా గుద్దు గానీ, చేతి ఆయుధం గానీ వాడరాదు. టైక్వాండో పోటీలో మొండేనికి తగిలిన గుద్దుకు 1 పాయింటు, తన్నుకు 2 పాయింట్లు ఇస్తున్నప్పుడు ఆటలో మాత్రం రెండూ ఒకటే ఎలా అవుతాయని ఆయన వాదన. దీనిని అనుమతించవచ్చునా?

పిడిగుద్దు:
అవసరం లేదండీ. ఆయుధం లేని దెబ్బలో గుద్దు, తన్ను, తలతో కుమ్మడం అన్నీ వస్తాయని నియమమే చెబుతోంది. ఓపెన్ హ్యాండ్ అనే సబ్‌క్లాస్ మాంక్ ఎదుటివాడిని పడగొట్టగలడు, 15 అడుగులు వెనక్కి నెట్టగలడు. దానినే ఎగిరి తన్నినట్టు వర్ణించుకుంటే సరిపోతుంది. పోటీలో గిరుక్కున తిరిగి తన్నితే అదే మొండేనికి 4 పాయింట్లు వస్తాయి. నొప్పి నాలుగింతలయిందని కాదు గదా.

చంద్రగిరి_పాచిక:
ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరకుండా దంచినా అంతే కూలి అన్నట్టుంది పిడిగుద్దు గారి న్యాయం. ఇలాంటిదే మరో ఆట పాత్‌ఫైండర్ రెండవ కూర్పులో మాంక్ పిడికిలికి ఆరు ముఖాల పాచిక ఉంటే, డ్రాగన్ స్టాన్స్ అనే పోరు భంగిమలో కాలి దెబ్బకు పది ముఖాల పాచిక ఇచ్చారు. అయితే అక్కడ కాలు పొడవు పెరగలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఐదవ లెవెల్ మాంక్ ఒక కి పాయింటు (ప్రత్యేక విద్యలకు వాడే, పరిమితంగా ఉండే శక్తి) ఖర్చుపెట్టి ఒక వంతులో నాలుగు దెబ్బలు వేసి, నాలుగూ తగిలినా, ఆరు ముఖాల పాచిక ఎనిమిది ముఖాలదైనందుకు సగటున దెబ్బ బలం పెరిగేది నాలుగే పాయింట్లు. దానితో ఏ డీఎం (ఆట నడిపేవారు) నిద్రా చెడదు. కానీ తన అందుబాటు దాటి వెళ్లేవాడిని శత్రువు ఒక దెబ్బ కొట్టవచ్చునన్నది నియమం; 10 అడుగుల నుంచి తన్ని వెనక్కి జరిగిన వాడిని, 5 అడుగులే అందే శత్రువు అలా కొట్టలేడు. మామూలు మాంక్ ఆ భద్రతకు ఒక కి పాయింటు చెల్లించుకోవాలి. ఆస్ట్రల్ సెల్ఫ్ అనే సబ్‌క్లాస్ మాంక్ సైతం, తన వంతులో చేతులు ఐదడుగులు ఎక్కువ సాగడానికి ఒక బోనస్ యాక్షన్ (వంతులో దొరికే అదనపు చిన్న చర్య), ఒక కి పాయింటు ఇస్తేనే, అదీ పది నిమిషాల పాటే, ఆ వరం పొందుతాడు. మీ ఆటగాడు దానిని ఉచితంగా అడుగుతున్నారు.

మెట్లదారి:
తన్నేవాడు ఒంటికాలి మీద నిలబడతాడన్నది మరచిపోతున్నారు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఒక్కసారి కాలెత్తి చూడండి, తెలుస్తుంది! దెబ్బ తగిలిందో లేదో తేల్చే ఇరవై ముఖాల దాడి పాచికలో 1 పడితే తన్నినవాడే కింద పడాలని పెట్టండి.

చంద్రగిరి_పాచిక:
ఆ నియమం తిరగబడుతుందండీ. మూడవ లెవెల్‌లో రెండు దెబ్బలు వేసేవాడికి ఒక వంతులో కనీసం ఒక 1 పడే అవకాశం దాదాపు 9.75 శాతం, ఐదవ లెవెల్‌లో నాలుగు దెబ్బలకు అది 18.5 శాతం. గురువు శిష్యుడి కంటే ఎక్కువసార్లు బోర్లా పడే విద్యను ఎవరు నేర్చుకుంటారు? మీ మెట్ల మాట మాత్రం బాగుంది: కాలు నిలవని కష్టమైన నేల మీద ఆ అదనపు దూరం పనిచేయదని రాస్తే చాలు.

కపిలతీర్థం_డీఎం:
ఆటగాడితో మాట్లాడాను. పాచిక పెంపును ఉంచుతున్నాను, ఎందుకంటే మూడవ లెవెల్‌లో రెండు చేతులతో పట్టిన కర్రకు ఎనిమిది ముఖాల పాచిక ఉంటే, కర్రను వదులుకున్న ఈయన తన్నుకు దక్కేది ఆరు ముఖాలదే. పది అడుగుల దూరం మాత్రం ఒక కి పాయింటు ఇచ్చి, ఆ వంతు ముగిసేవరకే. కష్టమైన నేల మీద అదీ లేదు.

పిడిగుద్దు:
పదకొండవ లెవెల్‌లో మాంక్ పాచికే ఎనిమిది ముఖాలకు చేరుతుంది కనుక, అక్కడి నుంచి కర్రను వదులుకోవడం త్యాగమే కాదు. అందుచేత నాకింకా సమ్మతం కాదు. పైగా, కాళ్లు కట్టేస్తే ఆయన ఏం చేస్తారు?

కపిలతీర్థం_డీఎం:
అప్పుడు గుద్దవచ్చునని మినహాయింపు రాశాము, పెరగని పాచికతో. పదకొండవ లెవెల్ సంగతి మీరన్నది నిజమే. మా ఆట ప్రస్తుతం మూడవ లెవెల్‌లో ఉంది కాబట్టి, అక్కడికి చేరేలోపు ఆ పెంపును తిరిగి చూస్తామని ఆయన చేత ఒప్పించాను.