శాలిహుండం సూర్యోదయం: మూడు ఎక్స్‌పోజర్లు కలిపితే అది ఫోటో కాకుండా పోతుందా?

గార కుర్రాడు
శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండ మీద, పాత బౌద్ధ స్తూపం దగ్గర తీసిన సూర్యోదయం ఫోటోని ఒక పోటీకి పంపాను. ఒకటి కంటే ఎక్కువ ఫోటోలు కలిపానని తీసేశారు. ముందు ఇటుకల స్తూపం నీడలో ఉంది, వెనక వంశధార, పైన సూర్యుడు. ఇటుకలు కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లగా పోతోంది. ఆకాశానికి సరిచేస్తే స్తూపం నల్లబడిపోతోంది. అందుకే ట్రైపాడ్ మీద ఒక ఫోటో మామూలుగా, ఇంకోటి రెండు స్టాపులు (వెలుగు కొలిచే మెట్లు) తక్కువగా, మరోటి రెండు స్టాపులు ఎక్కువగా తీసి కలిపాను. అక్కడ లేనిది ఏదీ చేర్చలేదు. ఇది మోసం ఎలా అవుతుంది? పెద్దలు చెప్పండి.

విజయనగరం స్టూడియో
బాబూ, ఏమీ అనుకోకు, వాళ్లు చేసింది సరైనదే. ఫోటో అంటే ఒక్క క్షణం. మా ఊరి పైడితల్లమ్మ ఉత్సవంలో పూజారి కూర్చున్న సిరిమాను మూడు లాంతర్ల దగ్గర కదిలినప్పుడు ఆయన ముఖం, కింద జనం, వెనక సాయంత్రపు ఆకాశం అన్నీ ఒక్క షటర్‌లో పట్టాలి. ఏది వదులుకోవాలో అక్కడే తేల్చుకోవాలి, పనితనం అంటే అదే. పైగా ఈ కలిపిన ఫోటోల్లో గోపురం చుట్టూ తెల్లటి అంచు, మేఘాలకి మసి రంగు, నీడ అన్నదే లేకుండా అంతా ఒకే వెలుగు. నేను అలాంటివి చూడలేను.

పాలకొండ మాస్టారు
గురువుగారూ, మీరు చెప్పిన తెల్లటి అంచు నాకూ నచ్చదు. కానీ ఆ తప్పు కలపడానిది కాదు, తర్వాత చేసే టోన్ మ్యాపింగ్‌ది. రెండూ వేరు వేరు పనులు. ఈ గొడవంతా వాటిని ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది.

స్టాప్ పెరిగిన ప్రతిసారీ వెలుగు రెట్టింపు. నీడలోని ఇటుకకి షటర్ 1/15 సెకను, సూర్యుడి పక్కన ఉన్న మేఘానికి 1/1000 కావాలంటే మధ్యలో ఆరు స్టాపులు, అంటే 64 రెట్ల తేడా. సూర్యుడే ఫ్రేములో ఉంటే ఇంకా చాలా ఎక్కువ. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) మార్చకుండా షటర్ ఒక్కటే మారుస్తూ తీస్తే, ప్రతి చోటా ఎంత వెలుగు ఉందో ఈ మూడు ఫోటోల నుంచి లెక్కగట్టొచ్చు. డెబెవెక్, మాలిక్ అనే పరిశోధకులు 1997లో రాసిన పత్రం చెప్పింది ఈ లెక్క గురించే. అప్పుడు చేతికి వచ్చేది వెలుగు కొలత. అందులో అబద్ధం చెప్పడానికి ఏమీ లేదు.

అయితే ఆ కొలతని మన స్క్రీను గానీ కాగితం గానీ పూర్తిగా చూపలేవు. చూపడానికి కుదించాలి. అదే టోన్ మ్యాపింగ్. ఇక్కడ చేసేవాడి ఇష్టం మొదలవుతుంది. పక్కపక్కన ఉన్న చీకటినీ వెలుగునీ విడివిడిగా సర్దినప్పుడు ఆ సర్దుబాటు అంచు దాటి పాకితే మీరు చెప్పిన తెల్లటి అంచు, అంటే హాలో వస్తుంది. 2007లో మెర్టెన్స్, అతని తోటివాళ్లు చూపిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ అనే పద్ధతి ఆ కొలత జోలికే పోదు. మూడింటిలో ఏ భాగం ఎక్కడ బాగా పడిందో చూసి దానికి ఎక్కువ వాటా ఇస్తుంది. ఫలితం కంటికి హాయిగా ఉంటుంది.

కలపడం కంప్యూటర్‌తో వచ్చిన జబ్బు కూడా కాదు. 1850ల్లోనే ఫ్రాన్స్ ఫోటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఒక నెగటివ్ వాడాడు. అప్పటి ప్లేట్లు నీలిరంగుకి అతిగా స్పందించేవి, ఆకాశం మొత్తం తెల్లబడిపోయేది. కాకపోతే ఆయన ఒకే ఆకాశాన్ని వేరే వేరే సముద్రాల మీద కూడా పెట్టాడు. దాన్ని నేను ఒప్పుకోను. గార తమ్ముడు చేసింది అది కాదు. ఒకే చోట, ఒకే పూట, కెమెరా కదలకుండా తీశాడు.

రాజాం రవాణా
ఏటండీ ఇది, ఫోన్‌తో తీసినవి పోటీకి తీసుకుంటున్నారు కదా! గూగుల్ ఫోన్ కెమెరాలోని హెచ్‌డీఆర్ ప్లస్ చేసేది అదే, ఫోటోలు కలపడం. తక్కువ వెలుగుతో వరుసగా ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి, నాయిస్ (చీకటి భాగాల్లో వచ్చే చుక్కలు) తగ్గించి, తర్వాత నీడల్ని పైకి లేపుతుంది. నొక్కేది ఒక్కసారే కానీ ఫోటోలు చాలా. ట్రైపాడ్ పెట్టి కష్టపడినవాడిది తీసేసి దాన్ని ఎలా ఉంచుతారు?

బొబ్బిలి లెన్స్
ఇప్పటి మంచి కెమెరాలో రా ఫైల్ (కెమెరా సర్దకుండా దాచిన అసలు ఫైల్) ఒక్కటి చాలు. ఆకాశం తెల్లబడకుండా తీసి తర్వాత నీడ లేపుకోండి.

పాలకొండ మాస్టారు
ఆరు స్టాపులకి చాలు, ఒప్పుకుంటాను. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు అలా లేపితే ఇటుకల నిండా నాయిస్ వస్తుంది. పెద్ద ప్రింటులో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

విజయనగరం స్టూడియో
ఫోన్ల సంగతి నాకు ఇంతగా తెలియదు. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ సిరిమాను విషయంలో నా మాట మార్చుకోను. మూడు ఎక్స్‌పోజర్ల మధ్య మాను కదిలిపోతుంది, జనం కదులుతారు. కలిపితే ఒక మనిషికి రెండు తలలు. సాఫ్ట్‌వేర్ ఆ దెయ్యాల్ని తీసేస్తుందంటే, ఎవరిని ఉంచాలో ఎవరిని చెరపాలో అదే తేల్చినట్టు. ఉత్సవం ఫోటో రేపు సాక్ష్యంగా మిగలాలి. అందులో ఎవర్నీ చెరపకూడదు.

పాలకొండ మాస్టారు
ఇది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. కదిలే మనుషులున్న చోట బ్రాకెటింగ్, అంటే ఇలా వేర్వేరు వెలుగులతో వరుసగా తీయడం వద్దు. అందుకే నియమం ఫోటోల లెక్క మీద కాదు, కదలిక మీద ఉండాలి. ఉత్సవాలు, వార్తలు అయితే ఒక్క ఎక్స్‌పోజరే. కొండలు, కట్టడాలు, నది అయితే కలపనివ్వండి, కానీ కలిపామని కింద రాయాలి, అడిగితే విడి ఫైళ్లు చూపాలి.

గార కుర్రాడు
మూడు రా ఫైళ్లూ ఉన్నాయి మాస్టారూ. ఏ షటర్‌తో తీశానో వాటిలోనే ఉంటుంది. కలిపిన సంగతి కింద రాసి, వాటితో సహా మళ్లీ చూడమని ఉత్తరం పెడుతున్నాను. స్టూడియో గారూ, పంపేముందు అంచుల్లో హాలో ఉందేమో ఒకసారి మీరే చూసి చెప్తారా?

విజయనగరం స్టూడియో
పంపు బాబూ. ప్రింట్ తీసి చూస్తాను, స్క్రీను మీద తేలదు.